తోక ముడి

తాడమ్మకు కోపం వస్తే అరవదు. అరిచేవాళ్ళ కోపం సాయంత్రానికల్లా చల్లారిపోతుందని ఆమె నమ్మకం. ఆమె మాత్రం పెదవి బిగించి, చేతిలో పని చేసుకుంటూనే, ఎవరు ఏ మాట అన్నారో అక్షరం పొల్లుపోకుండా లోపల దాచుకుంటుంది. పిల్లల బడి మేడమ్ మీద ఆమెకు వచ్చిన కోపం నలభై రోజులు నిలిచింది. ఆ నలభై రోజులూ ఆమె కోరుకున్నది ఒక్కటే. ఏ నోటితో మేడమ్ తన మీద అబద్ధం చెప్పిందో, అదే నోటితో, అదే వీధిలో, పిల్లల తల్లుల ముందే నిజం చెప్పాలి. ఉద్యోగం తిరిగొస్తే రానీ, పోతే పోనీ.

తాడమ్మ అన్నది పిల్లలు పెట్టిన పేరు. ఆమె తండ్రి లారీల మీద సరుకుకు తాళ్ళు బిగించే పని చేసేవాడు. జారని ముడి ఎలా వేయాలో కూతురికి ఏడేళ్ళప్పుడే నేర్పాడు. ఆమె చదువు అక్కడితో మొదలై దాదాపు అక్కడే ఆగింది. పెళ్ళయి, కొన్నాళ్ళు ఒక అట్టపెట్టెల షెడ్డులో పనిచేసి, ఆ తర్వాత ఈ బడిలో ఆయాగా చేరింది. పంతొమ్మిదేళ్ళు చేసింది. రెండున్నరేళ్ళ నుంచి నాలుగేళ్ళ వరకు పిల్లలు. ముక్కులు తుడవడం, చెప్పులు ఎడమా కుడీ సరిచేయడం, ఏడ్చేవాళ్ళను చంకనెత్తుకోవడం. అంతవరకు ఎవరైనా చేస్తారు. తాడమ్మ గొప్పతనం ఆమె తాడులో ఉంది.

బడికి పెరడు లేదు. వీధి దాటి, మలుపు తిరిగితే చిన్న పార్కు ఉంది. పద్నాలుగు మంది పసివాళ్ళను అంతదూరం నడిపించడం అంటే మాటలా? తాడమ్మ బట్టలారేసే తాడు ఒకటి తెచ్చి పదహారు ముడులు వేసింది. మొదటి ముడి తనది. చివరి ముడి ఇంకో పెద్దమనిషిది. మధ్య పద్నాలుగూ పిల్లలవి, ఒక్కో ముడికీ ఒక్కో రంగు గుడ్డపీలిక. చివరి ముడికి తోక ముడి అని పేరు. వీధి దాటేముందు తాడమ్మ "తోక ఎక్కడా?" అని కేకేస్తుంది. వెనకున్న మనిషి "తోక ఇక్కడే!" అనాలి. ఆ మాట వినబడితేనే పిల్లలు కాలు కదపాలి. నడుమ ఎక్కడైనా హారన్ మోగితే ఎక్కడివాళ్ళక్కడ రాయిలా నిలబడాలి. మళ్ళీ తోక పలికాకే నడక. పిల్లలు అన్నం తినడం మరిచిపోతారేమో గానీ ఈ రెండు సూత్రాలూ మరిచిపోరు. పంతొమ్మిదేళ్ళలో ఒక్క మోకాలు కూడా వీధి మధ్యలో గీసుకోలేదు.

తోక పట్టుకునే టీచరు జ్వరమని రాని ఒక రోజు మేడమ్ తానే పట్టుకుంటానంది. వెళ్ళేటప్పుడు బాగానే వెళ్ళారు. తిరిగొచ్చేటప్పుడు, బడి గేటుకు పదడుగుల దూరంలో, తాడమ్మ "తోక ఎక్కడా?" అంది. జవాబు లేదు. మళ్ళీ అంది. లేదు. తాడమ్మ చేతుల్లో ఇద్దరు బుడతలు, తల వెనక్కి తిప్పి చూసేసరికి మేడమ్ తాడు వదిలేసి, చెవికి ఫోన్ ఆనించుకుని, కరెంటు స్తంభం దగ్గర నవ్వుతూ మాట్లాడుతోంది. తోక పక్కనే ఉన్న పాప, గెంతకుండా నడవలేదు గనుక అందరూ పిచ్చుక అని పిలిచే పాప, తోక ఏమైందా అని వెనక్కి తిరిగింది. తిరగడంలో కాలువ మీది పలక అంచు తగిలి బోర్లా పడింది. గడ్డానికి రెండు కుట్లు పడ్డాయి.

పిచ్చుక తల్లి బ్యాంకులో పనిచేస్తుంది. కబురందగానే పని వదిలేసి వచ్చింది. "ఎలా జరిగింది?" అని అడిగింది. మేడమ్ క్షణం కూడా ఆలోచించలేదు. "ఆయా తాడు వదిలేసిందండీ. ఎన్నిసార్లు చెప్పినా జాగ్రత్త లేదు" అంది.

పాప రక్తం తాడమ్మ కొంగు నిండా ఉంది, బ్యాంకావిడ ఆ కొంగు వైపే చూస్తోంది. చెప్పాల్సిన మాటలన్నీ ఇంటికెళ్ళి కాళ్ళు కడుక్కుంటుండగా వరసగా వచ్చాయి. అప్పటికి ఏం లాభం? మర్నాటి నుంచి పనిలోకి రావొద్దన్నారు. వెళ్ళేటప్పుడు తాడు చుట్ట చుట్టి చంకలో పెట్టుకుంది. అది ఆమె సొంత తాడు.

మేడమ్ రాక్షసి అనుకుంటే పొరపాటు. ఆమెకున్నది భయం. భయపడ్డ మనిషి పక్కనున్నవాళ్ళను ముందుకు తోసేస్తుంది, లోకంలో ఇది కొత్తేమీ కాదు. కానీ ఆ సంగతి తోపుకు కింద పడ్డవాళ్ళకు చెప్పి చూడండి!

తాడమ్మ భర్త గోడలకు రంగులేసే మనిషి. ఇంట్లో ఏ మూల చూసినా వెంట్రుకలూడిన బ్రష్షులు, ఖాళీ డబ్బాలు, పాత రంగుల నమూనా అట్టలు. మూడు రోజులు పెళ్ళాం నోరు విప్పకపోయేసరికి అతనికి గుబులు పట్టుకుంది.

"ఏమే, తిట్టేదేదో తిట్టెయ్యి. నీకు ఒళ్ళు తేలికవుతుంది" అన్నాడు.

"తిడితే ఆమెకేం నొప్పి?" అంది తాడమ్మ. "ఆ పాత బ్రష్షులన్నీ నాకు కావాలి. డబ్బాలు కూడా."

"ఏం చేస్తావు?"

"దాని కళ్ళ ముందే కూర్చుని పిల్లల్ని ఆడిస్తాను. నా వీధి, నా పిల్లలు. చూస్తూ చావనీ."

బడికి సరిగ్గా ఎదురుగా ఒక ఖాళీ స్థలం ఉంది. సిమెంటు కొట్టాయన అందులో ఇసుక, గొట్టాలు వేసుకుంటాడు. ఆయన కొట్టు బోర్డు రంగు తాడమ్మ మొగుడే వేశాడు గనుక కాదనలేకపోయాడు. "ఇసుక చెల్లాచెదరైతే మాత్రం ఊరుకోను" అన్నాడు. "సాయంత్రానికి మీ గుట్ట మీకు అప్పజెబుతాను, గింజ తగ్గదు" అంది తాడమ్మ. అలా మర్నాడు పొద్దున పదింటికి వీధిలో ఇంకా బడికి వెళ్ళని ఏడుగురిని పోగుచేసింది. ఇస్త్రీ చేసే అమ్మాయి కవలలు, దర్జీ మనవరాలు, ఇంకో నలుగురు.

పిల్లల్ని ఎండలో, గాలిలో నిలబెట్టడానికి ఆమెకో పద్ధతి ఉంది. "పోయి ఆడుకోండి" అని ఆమె ఎప్పుడూ అనదు. అలా అంటే పది నిమిషాల్లో తిరిగొచ్చి కొంగు పట్టుకుని లాగుతారు. ఆమె పని చెబుతుంది. చేతికి ఏదో ఒక పనిముట్టు ఇస్తుంది. చేతిలో పనిముట్టు ఉన్న పిల్లవాణ్ణి లోపలికి రమ్మన్నా రాడు.

మొదటి రోజు ఆ స్థలం గోడకు రంగులేశారు. రంగంటే ఉత్త నీళ్ళే. తలో డబ్బా, తలో బ్రష్షు. మోకాళ్ళ ఎత్తు వరకు గోడంతా తడిపి, ఇటు చివరికి వచ్చేసరికి అటు చివర ఎండిపోయేది. "అయ్యో, ఎండ మన రంగు తాగేసిందిరా! మళ్ళీ వేయాలి" అని తాడమ్మ గుండెలు బాదుకునేది. ఏడుగురూ గంటన్నర పాటు ఎండతో పోటీ పడ్డారు. ఇస్త్రీ అమ్మాయి కవలలు ఇంటికెళ్ళనని మొండికేశారు.

రెండో రోజు రంగుల వేట. మొగుడి పాత రంగుల అట్టలను చిన్న చదరాలుగా కత్తిరించి ఒక్కొక్కరికి ఒక్కటిచ్చింది. చేతిలో ఉన్న రంగు ఈ స్థలంలో ఎక్కడుందో వెతికి తేవాలి. దర్జీ మనవరాలికి ఇటుక రంగు వచ్చింది, అది తేలిక. ఒక బుడ్డోడికి లేత ఊదా వచ్చింది. వాడు పొద్దున్నంతా తిరిగి తిరిగి, ఏడుపు మొహం పెట్టి, ఆఖరికి ఒక కలుపు మొక్క పువ్వు లోపల ఆ రంగు పట్టుకుని వచ్చాడు. వాడి సంబరం ఆ పూటంతా ఎవరూ ఆపలేకపోయారు. ఇంకో రోజు చీలిన గొట్టాన్ని ఇసుకగుట్ట మీద ఏటవాలుగా పెట్టి, చెంబుతో నీళ్ళు పోసి, సీసా మూతల పందెం. ఇంకో రోజు దర్జీ ఇచ్చిన గుండీలు ఇసుకలో పాతి, చెంచాలతో తవ్వకం. ఎండ నడినెత్తికి రాకముందు నీడ తొక్కుడు. ఎవరి నీడ తొక్కితే వాళ్ళు దొంగ. వెళ్ళేముందు ఇసుకంతా గుట్టకు చేర్చడం కూడా ఆటే. "దారి తప్పిన ఇసుకను ఇంటికి పంపండి" అనేది. సిమెంటు కొట్టాయన గుట్ట చూసి, నిన్నటికంటే పెరిగిందేమోనని అనుమానపడ్డాడు.

ఇదంతా పిల్లల మీద ప్రేమతోనే అని చెబితే అబద్ధం. తాడమ్మ ఆటలను ఎంచుకున్న లెక్క వేరు. బడి కిటికీలోంచి ఏ ఆట బాగా కనబడుతుందో దాన్ని ముందు ఆడించేది. గుండీల తవ్వకం నేల మీద ఆట, కిటికీకి అందదు, అందుకని దాన్ని వారానికి ఒక్కసారే పెట్టింది. నీళ్ళ రంగుకు కిటికీకి ఎదురుగా ఉన్న గోడే వాడేది. పిల్లలు కేరింతలు కొట్టాల్సిన చోట తానే ముందు కేక పెట్టేది.

ఆ గోల బడిలోకి నేరుగా వెళ్ళేది. తాడమ్మ పోయాక మేడమ్ పార్కు మానిపించింది, గోడకు పెద్ద టీవీ పెట్టించింది. పద్నాలుగు మందీ చాప మీద వరసగా కూర్చుని బొమ్మల పాటలు చూడాలి. వారం తిరక్కుండానే ఆ వరస టీవీ వైపు వీపు పెట్టింది. కిటికీ ఊచల మధ్య ముక్కులు, నుదుళ్ళు, చేతులు కనిపించాయి. మేడమ్ తెర వేయించింది. పిల్లలు తెర కిందికి దూరారు. పాటల శబ్దం పెంచింది. తాడమ్మ ఇంకా గట్టిగా కేకేసింది. మేడమ్ ఒకసారి కిటికీ దగ్గరికొచ్చి తాడమ్మ కేసి చూసింది. తాడమ్మ బ్రష్షు నీళ్ళలో ముంచి, చాలా తీరుబడిగా, గోడ మీద పెద్ద సున్నా చుట్టింది.

ఆ రాత్రి ఆమెకు హాయిగా నిద్ర పట్టింది. అది చెప్పుకోవడానికి ఆమె సిగ్గుపడదు.

ఒక్కటే ముల్లు. ఊచలు పట్టుకుని ఏడ్చేవాళ్ళలో ముందుండేది పిచ్చుక. గడ్డం మీద కుట్ల గుర్తు ఇంకా ఎర్రగానే ఉంది. "తాడమ్మా, నేనూ వస్తా" అని సన్నగా అరిచేది. సిమెంటు కొట్టు గోడకు నిచ్చెన వేసుకుని రంగేస్తున్న మొగుడు ఒకరోజు పైనుంచి అడిగాడు.

"ఏమే, ఆ పిల్లని ఏడిపిస్తున్నది మేడమా, నువ్వా?"

తాడమ్మ చెంబు కింద పెట్టింది.

"ఇద్దరమూ" అంది. తర్వాత చెంబు మళ్ళీ ఎత్తింది. ఆ మాట ఆమెను కోసింది గానీ ఆపలేదు. అంత పట్టుదలలో ఉన్న మనిషి మధ్యలో మంచిదైపోవడం మనం అనుకున్నంత సులువు కాదు.

ఇళ్ళలో గొడవ మొదలైంది. పిల్లలు బక్కెట్టు, బ్రష్షు కావాలని పేచీ పెట్టారు. ఒకడు వాళ్ళ నాన్న కొత్త బండికి నీళ్ళతో రంగేశాడు. తల్లులు ఒక్కొక్కరూ మేడమ్‌ను అడగసాగారు. పిల్లల్ని బయటికి తీసుకెళ్ళడం ఎందుకు మానేశారు? ఎదురుగా ఆ ఆయా ఏడుగురిని హాయిగా ఆడిస్తోంది కదా? మేడమ్‌కు తల కొట్టేసినట్టయింది. పిడులున్న ప్లాస్టిక్ తాడు ఒకటి కొని, నలభయ్యో రోజున, సరిగ్గా తల్లులు పిల్లల కోసం వచ్చే వేళ చూసి, ఊరేగింపు బయల్దేరదీసింది. ముందు తాను. వెనక కొత్తగా చేరిన టీచరమ్మ. పద్నాలుగు మందికీ ఒకే రంగు టోపీలు. అందరూ చూడాలని.

అందరూ చూశారు.

మేడమ్ ఏమీ అడగకుండానే తాడు లాగేసరికి పిల్లలు వెనక్కి చూసుకుంటూనే కదిలారు. వీధి మధ్యకు వచ్చేసరికి నీళ్ళ ట్యాంకరు మలుపు తిరిగింది. పసివాళ్ళను చూసి డ్రైవరు దూరంలోనే బండి ఆపి, తొందరగా దాటండన్నట్టు చిన్నగా హారన్ కొట్టాడు.

పద్నాలుగు మందీ నిలబడిపోయారు.

"పదండి, పదండి" అంది మేడమ్. కదల్లేదు. తాడు లాగింది. ముందువాడు కాళ్ళు తన్నిపట్టాడు. డ్రైవరు ఇంకోసారి కొట్టాడు. పిల్లలు ఇంకా బిగుసుకుపోయారు. అతను ఎంత కొడితే వాళ్ళు అంత గట్టిగా నిలబడుతున్నారు. ట్యాంకరు వెనక స్కూటరు, స్కూటరు వెనక ఆటో, వాళ్ళూ హారన్లు మొదలుపెట్టారు. ఇక ఆ పిల్లల్ని కదిలించడం ఎవరి తరం? గేటు దగ్గర తల్లులు గుమిగూడారు. స్కూటరు దిగి బ్యాంకావిడ కూడా పరుగున వచ్చింది.

తాడమ్మ నీళ్ళ డబ్బాతో స్థలం అంచున నిలబడి ఉంది. మొట్టమొదట ఆమె చూసింది రెండు వైపులా బండ్లు ఆగాయా లేదా అని. ఇటు ట్యాంకరు ఇంజిన్ ఆపేసింది. అటు మొగుడు అప్పటికే నిచ్చెన దించి వీధికి అడ్డంగా పెట్టాడు. పిల్లలకు ఏ భయమూ లేదు. అది తేలాక ఆమె డబ్బా కింద పెట్టి, చేతులు కట్టుకుంది.

మేడమ్ మొహం చెమటతో తడిసిపోయింది. నలుదిక్కులా చూసి, వేరే దారి లేక ఇటు తిరిగింది.

"ఆయమ్మా, వీళ్ళకి కాస్త చెప్పు."

"నేనేం చెప్పను మేడమ్?" అంది తాడమ్మ, వీధంతా వినబడేలా. "నేను తాడు వదిలేసే మనిషిని కదా."

మేడమ్ పిల్లల వైపు వంగి, "ఏమైందమ్మా, ఎందుకు నడవట్లేదు?" అని బతిమాలింది.

వెనక నుంచి పిచ్చుక సమాధానం చెప్పింది. ఆ పాపకు ఇది తెలియని పెద్దవాళ్ళు ఉంటారా అన్నంత ఆశ్చర్యం.

"తోక పలకలేదు కదా మేడమ్. ఆ రోజు కూడా మీరు పలకలేదు. ఫోన్ మాట్లాడారు. నేను చూశా, పడ్డా."

నలభై రోజులుగా ఆ సంగతి పద్నాలుగు మందికీ తెలుసు. వాళ్ళను ఒక్కరూ అడగలేదు. అడగాలన్న ఆలోచన తాడమ్మకే రాలేదు, ఇక మిగతావాళ్ళకు ఎలా వస్తుంది?

బ్యాంకావిడ కూతురి గడ్డం వైపు చూసింది. తర్వాత మేడమ్ వైపు తిరిగింది. "ఆ రోజు తోక ఎవరి చేతిలో ఉందండీ?" అని అడిగింది. గొంతు పెంచలేదు.

మేడమ్ నేల చూపులు చూసింది. "నా చేతిలోనే" అని గొణిగింది.

"వినపడలేదు మేడమ్" అంది తాడమ్మ.

"నా చేతిలోనే ఉంది! నేనే వదిలేశాను. చాలా?"

ట్యాంకరు డ్రైవరు కిటికీలోంచి తల బయటికి పెట్టి మరీ విన్నాడు. ఇస్త్రీ అమ్మాయి పెట్టె పక్కన పెట్టేసి వచ్చింది. తాడమ్మ గుండెల్లో నలభై రోజుల బరువు ఒక్కసారిగా దిగింది. ఎంత తీపిగా ఉందో చెప్పలేం. అంత తీపి ఆమె జన్మలో ఎరగదు.

వెంటనే క్షమించేసి కళ్ళు తుడుచుకుందని మీరు అనుకుంటే తాడమ్మ మీకు ఇంకా తెలియదన్నమాట. ఆమె నింపాదిగా వీధిలోకి నడిచి, మేడమ్ చేతిలోంచి ముందు పిడి తీసుకుని, వెనక్కి చూపించింది. "అక్కడికెళ్ళండి. చివరిది పట్టుకోండి. నేను అడిగినప్పుడు పలకండి." మేడమ్ పద్నాలుగు టోపీల పక్కనుంచి తల వంచుకుని నడిచి, టీచరమ్మ దగ్గర చివరి పిడి అందుకుంది.

"తోక ఎక్కడా?"

"ఇక్కడే" అంది మేడమ్.

ఒక్క కాలు కూడా కదల్లేదు. పిచ్చుక తలెత్తి, "తోక ఇక్కడే అనాలి" అని దిద్దింది.

"తోక ఇక్కడే!"

పద్నాలుగు మందీ చకచకా వీధి దాటేశారు.

ఆ సాయంత్రం బ్యాంకావిడ తాడమ్మ ఇంటికొచ్చింది. గుమ్మంలో నిలబడి, "ఆ రోజు నేను మిమ్మల్ని అడగనే లేదు" అంది. తాడమ్మ ఫరవాలేదని అనలేదు. కుర్చీ తుడిచి వేసి, మంచినీళ్ళిచ్చింది. కాసేపయ్యాక మేడమ్ కూడా వచ్చి, రేపటి నుంచి పనిలోకి రమ్మంది. తల్లులందరూ పట్టుబట్టారట.

"వస్తాను. టీవీ తీసెయ్యండి. నా ఏడుగురు కూడా పార్కుకి మనతోనే వస్తారు. ఇంకో మాట, తోక రోజూ మీరే పట్టుకోవాలి" అంది తాడమ్మ.

"రోజూనా? నాకు పనులుంటాయి ఆయమ్మా..."

"నాకూ ఉన్నాయి మేడమ్. ఇసుకగుట్ట ఉంది, గోడ ఉంది."

ఇప్పుడు పాత తాడుకు ఇంకో ఏడు ముడులు కలిశాయి. రోజూ పొద్దున పదింటికి ఆ వీధిలో మేడమ్ గొంతు వినబడుతుంది. ఇస్త్రీ అమ్మాయి ఆ కేకతోనే టైము చూసుకుంటుంది. కొన్ని రోజులు తాడమ్మకు చెవులు సరిగ్గా పనిచేయవు. "వినపడలేదు మేడమ్" అంటుంది, ముందుకు చూస్తూనే. మేడమ్ పళ్ళు నూరుకుని రెండోసారి అరుస్తుంది. ఏడాది గడిచింది, తాడమ్మ చెవులు ఇంకా బాగుపడలేదు, బాగుపడే సూచనలూ లేవు.

మిగతా పిల్లలు ఆ కేక వినగానే నడుస్తారు. పిచ్చుక మాత్రం అలా కాదు. తోక పక్క ముడి ఎవరికీ ఇవ్వదు. కేక విన్నాక కూడా ఒక్కసారి వెనక్కి తిరిగి, మేడమ్ చెయ్యి తాడు మీద ఉందో లేదో చూసుకుని, అప్పుడు కాలు కదుపుతుంది.